శత్రువు లేని నాడు

స్టార్‌ట్రెక్ అభిమానుల మధ్య ఎన్నటికీ తెగని తగవొకటుంది. అందులోని స్టార్‌ఫ్లీట్ అనే అంతరిక్ష నౌకాదళం సైన్యమా, కాదా? కెప్టెన్లున్నారు, అడ్మిరళ్ళున్నారు, తప్పుచేసినవారిని విచారించే సైనిక న్యాయస్థానాలున్నాయి. నౌకల నిండా ఫేజర్లు, టార్పెడోలు. ఇన్ని ఉండగా కాదనడమెలా? 1967 నాటి 'ఎరండ్ ఆఫ్ మెర్సీ' భాగంలో కెప్టెన్ కర్క్ తాను సైనికుణ్ణే తప్ప రాయబారిని కానని స్వయంగా ఒప్పుకుంటాడు.

1989లో వచ్చిన 'పీక్ పెర్ఫార్మెన్స్' భాగంలో కెప్టెన్ పికార్డ్ మాట ఇందుకు పూర్తిగా విరుద్ధం. తమది సైనిక సంస్థ కాదనీ, అన్వేషణే దాని ధ్యేయమనీ అంటాడు. తమాషా ఏమిటంటే, ఆ మాట అనే సమయానికి ఆయన యుద్ధవిన్యాసాలకు సిద్ధమవుతున్నాడు! బోర్గ్‌ల ముప్పు పొంచి ఉన్నది కనుక తప్పలేదంటాడు. ఇది ఆత్మవంచన కాదా? నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను.

కల్పనను కాసేపు పక్కనబెట్టి వాస్తవంలోకి వద్దాం. 1967 నాటి అంతరిక్ష ఒప్పందం చంద్రునిపై సైనిక స్థావరాలను, ఆయుధ పరీక్షలను నిషేధించింది. శాస్త్ర పరిశోధనకు సైనికులను వినియోగించడాన్ని మాత్రం నిషేధించలేదు. 1969లో అపోలో 11లో వెళ్ళిన ముగ్గురిలో ఆల్డ్రిన్, కాలిన్స్ వైమానికదళ అధికారులే. 1984లో రోదసిలోకి వెళ్ళిన మన రాకేశ్ శర్మ కూడా వైమానికదళంవాడే. వారిని సైనిక దండయాత్రకు వెళ్ళినవారిగా ఎవరూ భావించలేదు. కనుక దుస్తులను, హోదాలను చూసి ఈ తగవు తీర్చలేము.

మరి దేన్ని చూడాలి? నాకు 1991 నాటి 'ది అన్‌డిస్కవర్డ్ కంట్రీ' చిత్రంలో జవాబు దొరికింది. ఒక ఘోర ప్రమాదంతో కుదేలైన క్లింగాన్లు సంధికి సిద్ధపడతారు. అప్పుడు స్టార్‌ఫ్లీట్ సమావేశంలో ఒక అధికారి, ఇక మన నౌకలను మూలన పడవేయడమేనా అని అడుగుతాడు. శాస్త్ర, అన్వేషణ కార్యక్రమాలకు ఢోకా ఉండదని పై అధికారి సమాధానమిస్తాడు. శత్రువు లేని నాడు కూడా చేయవలసిన పని మిగిలి ఉండటమే అసలైన గీటురాయి. అదే చిత్రంలో ఆ పని చాలదనుకున్న స్టార్‌ఫ్లీట్ అధికారులు కొందరు, క్లింగాన్ సేనానితోనే చేతులు కలిపి సంధిని భగ్నం చేయబోతారు. శత్రువు లేకుండా బతకలేనివారికి శత్రువే ఆప్తుడయ్యాడు! క్లింగాన్ల చేతిలో కొడుకును పోగొట్టుకున్న కర్క్, ద్వేషాన్ని దిగమింగి ఆ సంధిని కాపాడతాడు.

యుద్ధం వచ్చిపడితే ఈ నిష్ఠ నిలుస్తుందా? 1998 నాటి 'ఇన్ ది పేల్ మూన్‌లైట్'లో కెప్టెన్ సిస్కో రోములన్లను తమ పక్షాన యుద్ధంలోకి లాగడానికి దొంగసాక్ష్యం సృష్టిస్తాడు. దాని వెంట హత్యలూ జరుగుతాయి. జరిగినదంతా తన దినచర్యలో చెప్పుకొని, చివరికి చెరిపివేస్తాడు. నిష్ఠ నిలవలేదు, నిజమే. కాని యుద్ధమే పరమార్థమైన సంస్థలో ఆ పనిని విజయాల జాబితాలో రాసుకునేవారు. చెరపవలసినదిగా సిస్కోకు తోచిందంటే, పికార్డ్ చెప్పిన ధ్యేయం అతని మనసులో ఇంకా చావలేదన్నమాట.

అన్వేషణకు ఒక దళం, రక్షణకు ఒక దళం వేరుగా ఉంటే సరిపోదా అని కొందరంటారు. కుటుంబాలతో, పిల్లలతో ప్రయాణించే నౌకను పోరుకు పంపడం అన్యాయమన్న వారి మాట కొట్టిపారవేయదగినది కాదు. అయినా నేను అంగీకరించలేను. అలా విడదీస్తే ఆయుధం పట్టినవాడికి శత్రువును వెతకడం తప్ప వేరే పని ఉండదు. నిన్న తోకచుక్కను కొలిచి, రేపు కొత్త గ్రహాన్ని చూడవలసినవాడి చేతిలోనే ఆ ఆయుధం ఉంటే, దాన్ని ఎప్పుడు దించాలో అతనికి గుర్తుంటుంది.

పికార్డ్ మాటను నేను ప్రతిజ్ఞగా తీసుకుంటాను. ప్రతిజ్ఞకు భంగం కలగవచ్చు. అసలు ప్రతిజ్ఞే లేనివాడికి భంగమైనట్టు కూడా తెలియదు.