డిసెంబర్ 6: కన్నీటితో పాటు కాగితం కూడా

డిసెంబర్ 6 వచ్చిందంటే మన మొహల్లాలలో ఒక నిశ్శబ్దం ఆవరిస్తుంది. కొందరు నల్ల బ్యాడ్జీలు ధరిస్తారు. కొందరు మస్జిదులో దుఆ చేసుకుని మౌనంగా ఇంటిముఖం పడతారు. కూడలిలో పోలీసు వాహనం నిలిచి ఉంటుంది. అదే ఉదయం, అదే కూడలిలో, అంబేడ్కర్ విగ్రహం వద్ద మన దళిత సోదరులు నీలి జెండాలతో నివాళులర్పిస్తుంటారు. ఇరువురి దుఃఖానికీ తేదీ ఒక్కటే. అయినా ఏళ్ల తరబడి ఒకరినొకరు పలకరించుకోకుండానే ఆ దినాన్ని గడిపివేస్తున్నాము.

1956 డిసెంబర్ 6న ఢిల్లీలో డాక్టర్ అంబేడ్కర్ కన్నుమూశారు. అప్పటికి నాగపూర్‌లో ఆయన బౌద్ధం స్వీకరించి రెండు నెలలు కూడా నిండలేదు. తాను ముసాయిదా సంఘానికి అధ్యక్షత వహించి రూపొందించిన రాజ్యాంగంలోని 25వ అధికరణ ఏ విశ్వాస స్వేచ్ఛను ప్రతి పౌరునికీ ఇచ్చిందో, ఆ స్వేచ్ఛను ఆయనే జీవిత చరమాంకంలో వినియోగించుకున్నారు. మన భాషను, సంస్కృతిని కాపాడుకునే హక్కునిచ్చిన 29వ అధికరణ, విద్యాసంస్థలు నెలకొల్పుకునే హక్కునిచ్చిన 30వ అధికరణ కూడా ఆ రాజ్యాంగంలోనివే. హక్కుకు భంగం కలిగితే నేరుగా సుప్రీంకోర్టు తలుపు తట్టే అవకాశమిచ్చిన 32వ అధికరణను ఆయన రాజ్యాంగానికి ఆత్మగా భావించారు.

ఈ బంధం ఏకపక్షమైనది కాదు. 1927 డిసెంబర్‌లో మహాడ్ సత్యాగ్రహ సదస్సుకు ఎవరూ స్థలమివ్వని వేళ ఫత్తేఖాన్ అనే ముస్లిం తన సొంత భూమిని ఇచ్చారు. 1953లో ఆయనను గౌరవ డాక్టరేటుతో సత్కరించినది మన ఉస్మానియా విశ్వవిద్యాలయం. ఈ రెండు సంగతులూ మన పిల్లలలో ఎందరికి తెలుసు?

సరిగ్గా 36 సంవత్సరాల తరువాత, 1992 డిసెంబర్ 6 ఆదివారం నాడు, అయోధ్యలో బాబ్రీ మస్జిద్‌ను కూల్చివేశారు. కట్టడాన్ని కాపాడతామని రాష్ట్ర ప్రభుత్వం సుప్రీంకోర్టుకు హామీ ఇచ్చి ఉన్న రోజులవి. ఆ వెంటనే చెలరేగిన అల్లర్లలో, మరుసటి నెల హింసలో, ఒక్క బొంబాయి నగరంలోనే 900 మంది మరణించారని శ్రీకృష్ణ కమిషన్ లెక్క తేల్చింది. వారిలో 575 మంది ముస్లింలు, 275 మంది హిందువులు. కూల్చివేతపై వేసిన లిబర్హాన్ కమిషన్ మూడు నెలలలో ఇవ్వవలసిన నివేదికను 2009లో ఇచ్చింది. 2020 సెప్టెంబర్ 30న లక్నో ప్రత్యేక న్యాయస్థానం నిందితులు 32 మందినీ నిర్దోషులుగా ప్రకటించింది.

2019 నవంబర్ 9 నాటి సుప్రీంకోర్టు తీర్పు ఈ కూల్చివేతను చట్టబద్ధ పాలనకు జరిగిన తీవ్ర ఉల్లంఘనగానే పేర్కొన్నది. అయినప్పటికీ స్థలాన్ని మందిరానికే అప్పగించింది. లోపలి కట్టడం 1857కు పూర్వం పూర్తిగా తమ స్వాధీనంలోనే ఉన్నదని చూపే సాక్ష్యాన్ని ముస్లిం పక్షం సమర్పించలేదని చెప్పింది. ఆ తీర్పుతో మనకున్న విభేదం విభేదమే. కానీ అందులో ఒక పాఠమున్నది. శతాబ్దాల నమాజు కూడా న్యాయస్థానంలో కాగితమై నిలబడవలసి వచ్చింది.

ఆ పాఠం మనం నేర్చుకున్నామా అన్న ప్రశ్న మూడవ డిసెంబర్ 6న మన ఎదుట నిలిచింది. వక్ఫ్ ఆస్తుల వివరాల నమోదుకు 2025 జూన్ 6న ప్రారంభమైన ఉమీద్ పోర్టల్ గడువు ఆరు నెలలు నిండి డిసెంబర్ 6న ముగిసింది. గడువు పొడిగింపునకు సుప్రీంకోర్టు అంగీకరించలేదు, ట్రిబ్యునల్‌ను ఆశ్రయించమన్నది. ఐదు లక్షల పైచిలుకు ఆస్తుల నమోదు మొదలైనా, గడువు నాటికి ఆమోదం పొందినవి సుమారు రెండు లక్షల పదిహేడు వేలే.

తరతరాల ఆస్తులకు ఆరు నెలల గడువు న్యాయమా? కాదు. చట్టంపై మన అభ్యంతరాలు మనకున్నాయి, న్యాయపోరాటం సాగవలసినదే. అయితే తప్పంతా ప్రభుత్వానిదేనని చేతులు దులుపుకోవడం మనస్సాక్షికి సమ్మతం కాదు. ఉద్యోగ జీవితమంతా దస్త్రాల నడుమ గడిపిన మాకు, ఊరంతా ఎరిగిన ఖబ్రస్తాన్ రికార్డులో పోరంబోకుగా కనిపించడం కొత్త కాదు. కమిటీ మారినప్పుడల్లా పాత కాగితాలు పాత అధ్యక్షుని ఇంటి అటకపైనే ఉండిపోవడమూ కొత్త కాదు. అధికారి దౌర్జన్యానికి ముందే మన అశ్రద్ధ సగం పని పూర్తి చేసి ఉంటుంది.

అందువలన ఈ డిసెంబర్ 6ను కేవలం శోకదినంగా గడపవద్దని పాఠకులను కోరుతున్నాము. ఉదయం అంబేడ్కర్ విగ్రహం వద్దకు వెళ్ళి దళిత సోదరుల పక్కన నిలబడి, రాజ్యాంగ ప్రవేశికను కలిసి చదవండి. పిలుపు కోసం ఎదురుచూడవద్దు. మధ్యాహ్నం జొహర్ తరువాత మస్జిద్ కమిటీ కూర్చుని తన ఆస్తుల పత్రాలను బయటకు తీయాలి. వక్ఫ్ గెజిట్‌లో పేరు ఉన్నదా? అడంగల్‌లో, పహాణీలో సర్వే నంబరు, విస్తీర్ణం సరిపోతున్నాయా? పోర్టల్‌లో నమోదు ఏ దశలో ఆగింది? లేని కాగితానికి ధ్రువీకృత నకలు కోసం, అవసరమైతే సమాచార హక్కు చట్టం కింద, దరఖాస్తు చేయాలి. ఒక ప్రతి కమిటీ వద్ద, ఒకటి న్యాయవాది వద్ద ఉంచాలి. చదువుకున్న యువతీ యువకులకు ఈ బాధ్యత అప్పగించాలి. సాయంత్రం ఇంట్లో పిల్లలకు ఆ రోజు జరిగిన మూడు సంగతులనూ చెప్పాలి, ద్వేషం నేర్పకుండా, ఏదీ దాచకుండా.

కూలిన గుమ్మటాలను మన కన్నీరు తిరిగి నిలపలేదు. నిలిచి ఉన్నవాటిని కాపాడుకునే శక్తి మాత్రం రాజ్యాంగం మనకిచ్చింది. ఆ శక్తిని వినియోగించుకునే ఓర్పును, వివేకాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.