శిక్ష వేరు, చాటింపు వేరు

మతసంస్థల కళాశాలల నిర్వాహకులకు, క్రీడా ఉపకారవేతనంపై పిల్లలను అక్కడ చేర్చే తల్లిదండ్రులకు

ఒక మతసంస్థ తన ఖర్చుతో కళాశాల నడుపుతూ, అందులో చదివేవారు తన విశ్వాసానికి తగిన నడవడితో ఉండాలని కోరడంలో అన్యాయం లేదు. ఇష్టపడి సంతకం చేసినవారికి ఆ నియమం కట్టుబాటే అవుతుంది. అయితే ఆ విశ్వాసం పాపమని భావించే పని ఒకటి జరిగినప్పుడు దాన్ని ఎవరు విచారించాలి, ఏ సమాచారం ఆధారంగా విచారించాలి, ఆ విచారణ ఫలితం ఎంతమంది చెవిన పడాలి అన్నవి నియమం మంచిచెడ్డలతో నిమిత్తం లేని వేరే ప్రశ్నలు. విద్యార్థి క్రీడాకారుడైతే వీటిలో చివరి ప్రశ్నే అతని జీవితాన్ని ఎక్కువగా తాకుతుంది. సంస్కరణ మొదలు కావలసింది కూడా అక్కడే.

అమెరికాలోని యూటా రాష్ట్రం, ప్రోవో నగరంలో 1875లో ఏర్పడిన బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయం ఈ విషయానికి అందరికీ తెలిసిన ఉదాహరణ. వాడుకలో మార్మన్లని పిలిచే లేటర్ డే సెయింట్స్ సంఘం దాన్ని నడుపుతుంది. అక్కడి ‘ఆనర్ కోడ్’, అంటే విద్యార్థి తన మాట మీద నిలబడి పాటిస్తానని ఒప్పుకునే ప్రవర్తన నియమావళి, 1949 ప్రాంతంలో పరీక్షల్లో కాపీ కొట్టడాన్ని అరికట్టడానికి విద్యార్థుల చొరవతోనే మొదలైంది. 1951 నుంచి 1971 వరకు అధ్యక్షుడిగా ఉన్న ఎర్నెస్ట్ విల్కిన్సన్ కాలంలో అది దుస్తులకూ జుట్టుకూ విస్తరించింది. పెళ్లికి వెలుపల లైంగిక సంబంధం, మద్యం, పొగాకుతో పాటు టీ, కాఫీలు కూడా అందులో నిషిద్ధాలే. మగవారు గడ్డం గీసుకొని ఉండాలి. విశ్వవిద్యాలయానికి పేరిచ్చిన బ్రిగమ్ యంగ్ మాత్రం గడ్డం పెంచినవాడే. పొద్దున్నే కాఫీ లేనిదే కదలని ఇళ్లలో పెరిగిన పిల్లలకు ఇవి విడ్డూరంగా తోచవచ్చు గాని, సంస్థ చిత్తశుద్ధిని శంకించడానికి వీలులేదు: దాని జట్లు ఆదివారం ఆడవు, జాతీయ పోటీల నిర్వాహకులే ఆ నియమానికి తగినట్టు తమ షెడ్యూలు సర్దుకుంటారు.

2011 మార్చి మొదట్లో ఈ విశ్వవిద్యాలయపు బాస్కెట్‌బాల్ జట్టు 27 ఆటలు గెలిచి, రెండే ఓడి, దేశంలో మూడవ స్థానంలో ఉంది. జిమ్మర్ ఫ్రెడెట్ అనే ఆటగాడి పేరు దేశమంతటా మోగుతోంది. ఆ దశలో జట్టుకు కీలకమైన 19 ఏళ్ల మరో ఆటగాడిని నియమావళి ఉల్లంఘన కారణంగా మిగిలిన సీజన్ నుంచి తప్పించినట్టు విశ్వవిద్యాలయం బహిరంగంగా ప్రకటించింది. వెంటనే జరిగిన ఆటలో సొంత మైదానంలోనే న్యూ మెక్సికో చేతిలో 82–64 తేడాతో జట్టు ఓడిపోయింది. గెలుపు కోసం నియమాన్ని వదులుకోని సంస్థ అని ఎందరో వ్యాఖ్యాతలు మెచ్చుకున్నారు. ఆ మెప్పులో నిజముంది. కాని ఆ మెప్పుకు మూల్యం చెల్లించినవాడు ఆ యువకుడే. నేరం కాని, పూర్తిగా స్వవిషయమైన ఒక సంగతి కొన్ని రోజుల్లోనే పత్రికలకెక్కి, దేశమంతా దాన్ని చర్చించింది. అతని పేరును ఈ కరపత్రం కావాలనే వదిలిపెట్టింది. తర్వాతి సీజన్‌లో అతను తిరిగివచ్చి మరో రెండేళ్లు అదే జట్టుకు ఆడాడు. తిరిగి చేర్చుకోదగిన తప్పును అంతమంది ముందు పెట్టవలసిన అవసరమేమిటన్న ప్రశ్నకు ఇంతవరకు సరైన జవాబు రాలేదు.

ఆటగాడికైనా మామూలు విద్యార్థికైనా ఒకే నియమమని నిర్వాహకులు అంటారు. కాగితం మీద అది నిజమే. కాని అదే తప్పు చేసిన రసాయనశాస్త్ర విద్యార్థి సంగతి పక్క గదివాడికి కూడా తెలియకుండా ముగుస్తుంది. ఆటగాడి సంగతి టెలివిజన్‌లో తేలుతుంది. జట్టులో లేనివాడి గురించి జనం అడగక మానరన్నది నిజమే అయినా, ‘ఈ సీజన్‌లో ఆడడు’ అని చెప్పి ఊరుకోవడం ఏ సంస్థకైనా చేతనయ్యే పనే. విద్యార్థుల రికార్డుల గోప్యతకు అమెరికాలో 1974 నుంచి చట్టముంది. ఇలాంటి సందర్భంలో అది ఎంతవరకు వర్తిస్తుందో న్యాయవాదులు తేల్చుకోవచ్చు గాని, అది కోరే మర్యాద ఏమిటో సామాన్యుడికి కూడా తెలుస్తుంది. పైగా ఆనాటి నిబంధనల ప్రకారం మరో విశ్వవిద్యాలయానికి మారిన బాస్కెట్‌బాల్ ఆటగాడు సాధారణంగా ఒక ఏడాది ఆట మానుకోవలసి వచ్చేది. 2021లో ఆ నిబంధన సడలేదాకా, నియమావళి నచ్చకపోతే వెళ్లిపొమ్మనడం పైకి కనిపించినంత తేలిక మాట కాదు.

ఇంతకన్నా లోతైన చిక్కు మరొకటి ఉంది. అక్కడి ప్రతి విద్యార్థి ఏటా ఒక మతపెద్ద నుంచి, సాధారణంగా తన బిషప్ నుంచి, యోగ్యతను ధ్రువీకరించే ఆమోదం పొందాలి. ఆ సంఘంలో బిషప్ అంటే జీతం లేకుండా స్థానిక భక్తుల బాగోగులు చూసే పెద్ద. తప్పు చేసినవాడు పశ్చాత్తాపంతో వెళ్లి చెప్పుకోవలసింది కూడా ఆయనకే. ఆయన ఆమోదం ఉపసంహరిస్తే చదువు ఆగిపోతుంది. మనసు విప్పుకోవలసిన చోటే చదువు పోయే ప్రమాదం ఉంటే, విద్యార్థి దాచడం నేర్చుకుంటాడు. ఏ మతమూ కోరుకునే ఫలితం ఇది కాదు. అందువల్ల బిషప్‌తో చెప్పుకున్నది ఆయన దగ్గరే ఉండాలి, చదువు కొనసాగింపును విశ్వవిద్యాలయం తన సొంత విచారణతోనే తేల్చుకోవాలి.

మార్పు విశ్వాసానికి హాని అన్న భయానికి ఆధారం లేదు. లైంగిక దాడి జరిగిందని ఫిర్యాదు చేసిన విద్యార్థినులనే నియమావళి పేరిట విచారిస్తున్నారని 2016లో వెల్లడైనప్పుడు, అదే ఏడాది అక్టోబరులో ఒక సలహామండలి చేసిన 23 సిఫారసులను ఈ విశ్వవిద్యాలయమే అంగీకరించింది. ఫిర్యాదుదారుకు నియమావళి శిక్షల నుంచి రక్షణ వాటిలో ఒకటి. 2019లో విద్యార్థులు నిరసన తెలిపాక, ఆరోపణ ఏమిటో మొదటి సమావేశంలోనే చెప్పాలని, తేలేదాకా తప్పు చేయనివారిగానే చూడాలని పద్ధతి మార్చారు. ఇల్లినాయ్ రాష్ట్రంలోని వీటన్ అనే క్రైస్తవ కళాశాల విద్యార్థుల నృత్యంపై తరతరాల నిషేధాన్ని 2003లో ఎత్తివేసింది, దాని క్రైస్తవం అలాగే ఉంది.

కాబట్టి నియమావళులున్న ప్రతి కళాశాలా క్రమశిక్షణ చర్యకు కారణం ప్రకటించడం మానాలి. గడ్డానికీ దొంగతనానికీ ఒకే విచారణ గది లేకుండా తప్పులకు తగిన మెట్లు రాతపూర్వకంగా పెట్టాలి. తప్పించిన ఆటగాడు ఏ గడువులో, ఏ షరతులతో తిరిగి రాగలడో మొదటి రోజే చెప్పాలి. ఎందరిపై, ఏ వర్గాలవారిపై చర్యలు తీసుకున్నారో పేర్లు లేకుండా ఏటా లెక్క చూపాలి. అమెరికాలో పిల్లలను ఆటల ద్వారా కళాశాలకు పంపే తెలుగు తల్లిదండ్రులు ఉపకారవేతనం మొత్తం అడిగినంత శ్రద్ధగా, సంతకానికి ముందే, నియమావళి పూర్తి పాఠాన్నీ అప్పీలు చేసుకునే దారినీ కాగితం మీద అడిగి తీసుకోవాలి.