పెంటలోని పెరడు

హైదరాబాదునుండి శ్రీశైలము పోవు త్రోవలో మన్ననూరు దాటినంతనే నల్లమల యడవి దట్టమగును. ఈ కొండలమీద చెంచులు నివసించు చిన్నపల్లెలను పెంటలందురు. మైదానమున పెంట యనిన ఎరువుకుప్ప; ఇచ్చట అదియే ఊరు. నాగర్‌కర్నూలు జిల్లాలోని అప్పాపురము అట్టి పెంటలలో నొకటి.

చెంచులకు సేద్యము తెలియదని పలువురందురు. ఆ మాట సగమే నిజము. గడ్డలు త్రవ్వి, తేనె తీసి, ఇప్పపూవును, చింతపండును, బంకను సేకరించి వారు తరతరములుగా బ్రదికిరి. అయినను కొన్ని గుడిసెల ప్రక్కను ముండ్లకంప నడుమ చిన్న పెరడు కానవచ్చును. తొలకరి పడగానే అందు మొక్కజొన్న విత్తుదురు. సొర, బీర తీగలను కప్పుమీదికి ప్రాకింతురు. అడవిపందులు పాడుచేయకుండ రాత్రులు కాపు కాయుదురు. వేసవిలో త్రాగునీటికే చెలమను వెదుకవలసియుండగా మొక్కలకు నీరెక్కడిది? కావున పెరడు వానకాలముతో ముగియును. తక్కిన దినములలో అడవియే వారి పెరడు. ఏ గడ్డ ఏ నెలలో ఊరునో, ఏ కొండచరియను తేనెపట్టు కట్టునో ఎరిగియుండుట తక్కువ విద్య కాదు. ఆస్ట్రియా దేశీయుడైన హైమెన్‌డార్ఫ్ అను మానవశాస్త్రజ్ఞుడు 1940లో వీరి జీవితమును పరిశీలించి, 1943లో ఒక పెద్ద గ్రంథమునే ప్రకటించెను.

నేడీ అడవి అమ్రాబాదు పులుల అభయారణ్యము. పులులకు విశాలమైన తావు కావలెననుట సత్యమే. కొండమీదివారికి బడియు వైద్యశాలయు దూరమనుటయు సత్యమే. అందుచేత వారు దిగివచ్చుటయే మేలని కొందరు తలంచుచున్నారు. అట్లు వచ్చు కుటుంబమునకు 15 లక్షల రూపాయలో, లేక ఇల్లును భూమియునో ఇచ్చు పథకము కలదు. అయితే వారు సమ్మతింపనిదే తరలింపరాదని 2006 నాటి అటవీ హక్కుల చట్టము శాసించుచున్నది.

ఈ సమ్మతిని గూర్చియే మనము చక్కగా ఆలోచింపవలెను. కొండమీద నీరు లేదు, వైద్యుడు రాడు, త్రోవ లేదు. ఇట్టి స్థితిలో ఉందువా, దిగుదువా యని అడిగినచో అది నిజముగ అడిగినట్లా? దప్పికకు తాళలేక దిగివచ్చుట సమ్మతి యనిపించుకొనదు. ముందు పెంటకు నీరు చేరవలెను. పెరడు వేసవిలోను పచ్చగా నుండవలెను. జబ్బుపడినవానికి మందు అందవలెను. క్రిందనిచ్చు భూమికిని నీటివసతి యుండవలెను. అపుడు రెండు త్రోవలును నిజమైన త్రోవలగును. ఏది మేలో వారే నిర్ణయింతురు. ఉండగోరినవారు ఉందురు, దిగగోరినవారు దిగుదురు.

బాలలారా! ఇతరుల మేలు కోరుట మంచి గుణమే. కాని ఆ మేలు ఏదియో వారినే అడిగి తెలిసికొనుట అంతకంటె మంచి గుణము.