కెరటాల పందెం ఇప్పుడొచ్చింది



కడలి పక్కనే ఉండీ మన మత్స్యకారుల పిల్లలు రోయింగ్‌లో పతకాలు తేలేదని గత వారం మీ వ్యాసకర్త నిష్ఠూరమాడారు. భావనపాడు తెప్పకూ రోయింగ్ పడవకూ పొంతనే లేదు. మన జాలరి ఎదురుగా వచ్చే కెరటాన్ని కాచుకుని తెడ్డు వేస్తాడు. ఒంటరిగా పోటీపడే సింగిల్ స్కల్స్ ఆటగాడు గమ్యానికి వీపు పెట్టి, జారే పీట మీద కాళ్లతో తన్నుతూ రెండు తెడ్లూ ఒక్కసారే లాగుతాడు. నిలకడ నీటిలో 2000 మీటర్లు. లైట్‌వెయిట్ విభాగంలో మగవాళ్లు 72.5 కిలోలు దాటకూడదు.

"ఏదో ఓ కాంస్యం" అని వ్యాసకర్త తీసిపారేయడమూ సబబు కాదు. 2014, 2018 ఆసియా క్రీడలు రెండింటా లైట్‌వెయిట్ సింగిల్ స్కల్స్ కాంస్యం దుష్యంత్ చౌహాన్‌దే. 2018లో పాలెంబాంగ్‌లో గీత దాటాక నిలబడలేకపోతే స్ట్రెచర్ మీద మోసుకెళ్లారు. ఆయనది సముద్రమే లేని హర్యానా. తెడ్డు పట్టించింది సైన్యం. సిడ్నీ ఒలింపిక్స్‌లో మన ఊసవానిపేట మల్లీశ్వరి వెయిట్‌లిఫ్టింగ్‌లో తెచ్చిందీ కాంస్యమే కదా!

వ్యాసకర్త రాయాల్సిన సంగతి వేరే ఉంది. పారిస్‌తో ఒలింపిక్స్‌లో లైట్‌వెయిట్ పోయింది. 2028 లాస్ ఏంజెలెస్‌లో తీరం రోయింగ్ వస్తోంది: ఇసుకలో పరుగెత్తి, పడవెక్కి, కెరటాలు చీల్చుకుపోవాలి. అది మన పిల్లల పందెం. కళింగపట్నంలో, చింతపల్లిలో నాలుగు పడవలు, ఒక కోచ్‌ని పెట్టమని క్రీడాశాఖను మీ పత్రిక గట్టిగా అడగాలి.

– ఓ వ్యాయామోపాధ్యాయుడు, శ్రీకాకుళం