వేగం ఎవరిది? శిక్ష ఎవరికి?

మోటారు వాహనాల చట్టం కింద వచ్చే చలానాను మనలో అత్యధికులు కరెంటు బిల్లు మాదిరిగా చూస్తున్నారు. వచ్చింది గనుక కట్టాలి, కట్టాము గనుక మరచిపోవాలి అన్నది అలవాటయిపోయింది. ఈ అలవాటు మంచిది కాదని మా అభిప్రాయం. చలానా అంటే నేరారోపణ. ఆరోపణకు సమాధానం చెప్పుకొనే హక్కు ప్రతి పౌరునికీ ఉన్నది. వేగపరిమితే వివాదాస్పదమైన చోట ఆ హక్కును వినియోగించుకొనడం కర్తవ్యం కూడా.

తపాలా సంచులను రైల్వేస్టేషనుకు చేరవేసే అద్దె వ్యాను డ్రైవరు ఒకరి అనుభవాన్ని పాఠకుల ముందుంచుతున్నాము. నిర్ణీత సమయానికి సంచులు ప్లాట్‌ఫారం మీదికి చేరకపోతే కంట్రాక్టరు అతని కూలిలో కోత పెడతాడు. దారిలో గంటకు 60 కిలోమీటర్లని ఒక బోర్డు ఉన్నది. కొంత దూరం పోయిన పిమ్మట 40 అని మరొక బోర్డు ఉన్నది గాని, దానిమీద వేపకొమ్మలు వాలి రాత్రివేళ అంకె కనిపించదు. కెమెరాలో 56 నమోదయింది. చలానా వచ్చింది. కంట్రాక్టరు దానిని డ్రైవరు చేతిలో పెట్టాడు. "కోర్టుకు పోతే ఒకరోజు కూలి పోతుంది, వకీలు ఫీజు ఒకటి. కట్టేస్తే వెయ్యితో పోతుంది కదన్నా!" అని అతడు మాతో అన్నాడు. మేము ఆగమన్నాము. మరునాడే ఆ స్థలానికి పోయి రెండు బోర్డులనూ ఫోటో తీశాము. ఈ వ్యాసం వ్రాసేనాటికి కేసు విచారణలో ఉన్నది.

చట్టం ఏమంటున్నది? ప్రజల భద్రత కోసమో, రోడ్డు లేక వంతెన స్వభావాన్ని బట్టియో ఒకచోట వేగాన్ని తగ్గించే అధికారాన్ని 1988 నాటి చట్టంలోని 112వ సెక్షను ప్రభుత్వానికి ఇచ్చింది. అయితే ఆ ఆంక్షను గెజెట్‌లో ప్రకటించాలని, తగిన బోర్డులు పెట్టించాలని కూడా అదే సెక్షను ఆదేశించింది. నెల దాటని తాత్కాలిక ఆంక్షకు మాత్రమే గెజెట్ ప్రకటన నుండి మినహాయింపు ఉన్నది. కావున "ఈ 40 పరిమితిని ఏ ప్రకటన ద్వారా, ఏ తేదీన విధించారు? బోర్డు ఎక్కడ, ఏ స్థితిలో ఉన్నది?" అని అడగడం తలబిరుసుతనం కాదు. అది చట్టం అడగమన్న ప్రశ్నే.

ఈ సూత్రం రైల్వే సోదరులకు కొత్తది కాదు. పట్టాల మీద పని జరిగేచోట రైలు నెమ్మదిగా పోవాలంటే డ్రైవరుకు కాషన్ ఆర్డరు వ్రాతపూర్వకంగా ఇచ్చి సంతకం తీసుకుంటారు. స్థలానికి చాలినంత ముందుగా హెచ్చరిక బోర్డు, ఆ తరువాత వేగాన్ని తెలిపే బోర్డు, ఆంక్ష ముగిసే చోట మరొక బోర్డు ఉంటాయి. ముందు తెలియజేసి, తరువాత జవాబు అడగడం అక్కడి పద్ధతి. పట్టాల మీద ఉన్న న్యాయం రోడ్డు మీద ఎందుకు ఉండరాదు?

కెమెరాలకు సైతం నియమాలున్నవి. 2021లో కేంద్ర నిబంధనలలో చేర్చిన 167-ఏ ప్రకారం ఆ యంత్రానికి ఏటేటా పునరుద్ధరించిన ఆమోద పత్రం ఉండాలి. నిఘా ఉన్న భాగానికి ముందే హెచ్చరిక బోర్డులుండాలి. ఉల్లంఘన జరిగిన 15 రోజులలోగా నోటీసు పంపాలి. అందులో ఫోటో, యంత్రం చూపిన కొలత, తేదీ, సమయం, స్థలం ఉండాలి. యంత్రం లేకుండా కేవలం ఒక సాక్షి అంచనా మీదనే అతివేగ నేరాన్ని నిర్ధారించరాదని 183వ సెక్షను స్పష్టం చేసింది.

ఇన్ని రక్షణలుండగా జనం నోరు మెదపక ఎందుకు కడుతున్నారు? తపాలా ఉద్యోగులకు ఒక సంగతి ఆసక్తి కలిగిస్తుంది. నేరాన్ని ఒప్పుకొనేవారికి రిజిస్టర్డు ఉత్తరం, మనియార్డరు చాలునని 1988 నాటి చట్టం సౌకర్యం కల్పించింది. నేడు ఆ పని ఫోనులోనే అయిపోతున్నది. కాదనేవాడు మాత్రం తానో, తన వకీలో కోర్టు మెట్లెక్కాలని ఆ 1988 నాటి చట్టం చెప్పింది. ఒప్పుకొనడం ఇంత సులువు, కాదనడం ఇంత బరువు అయినప్పుడు రోజుకూలి మనిషి ఏ దారి ఎన్నుకుంటాడు? కాని వెయ్యితో పోతుందనుకొనడం పొరపాటు. అతివేగం రెండవసారి రుజువైతే డ్రైవరు లైసెన్సును స్వాధీనం చేసుకోవాలని 2019 సవరణ చెబుతున్నది. డ్రైవరుకు లైసెన్సే అన్నం.

అన్నింటికంటె ముఖ్యమైన విషయం, మన సంఘాలు దాదాపు మరచినది, అదే 183వ సెక్షనులో ఉన్నది. తాను స్వయంగా నడిపినవాడినే గాక, తన కింద పనిచేసేవానిచేత అతివేగంగా నడిపించినవానిని కూడా అది శిక్షిస్తుంది. వేగపరిమితిని మీరనిదే పూర్తికాని ప్రయాణానికి ఎవరైనా గడువు విధిస్తే, ఆ టైముటేబులే విధించినవాని నేరానికి ప్రాథమిక సాక్ష్యమవుతుంది. వ్యాను వేగం డ్రైవరు పాదం కింద పుట్టిందా, కంట్రాక్టరు గడియారంలో పుట్టిందా అని అడిగే అవకాశాన్ని చట్టమే ఇచ్చింది. ఈ ప్రశ్న వేసే సంఘాలు ఎన్ని?

మేము అతివేగాన్ని సమర్థించడం లేదు. 2022లో మన దేశపు రోడ్ల మీద 1,68,491 మంది మరణించారు. వారిలో అత్యధికుల మరణానికి అతివేగమే కారణమని కేంద్ర రవాణా శాఖ నివేదిక తెలిపింది. రాత్రి డ్యూటీ దిగి సైకిలు మీద ఇంటికి పోయే గ్యాంగ్‌మన్, ఎండలో వీధి దాటే పోస్టుమన్ ఆ ప్రమాదపు అంచుననే ఉన్నారు. నిజంగా తప్పు చేసినవాడు జరిమానా కట్టవలసిందే. అయితే కనిపించని బోర్డు ప్రాణాన్ని కాపాడలేదు. బోర్డు కనిపించి ఉంటే ఆ డ్రైవరు వేగం తగ్గించేవాడు. అంకెను దాచి జరిమానా వసూలు చేసే ఏర్పాటు వల్ల ఖజానా నిండవచ్చును గాని రోడ్డు క్షేమం కాదు.

కావున ప్రతి శాఖా సంఘానికి మా సూచన ఇది. వివాదాస్పదమైన చలానా వచ్చిన సభ్యుని ఒంటరిగా వదలవద్దు. వెంటనే స్థలానికి పోయి బోర్డుల ఫోటోలు తీయండి. గెజెట్ ప్రకటన, యంత్రపు ఆమోద పత్రం ప్రతులను సమాచార హక్కు చట్టం కింద కోరండి. ఒకేచోట పలువురికి చలానాలు వస్తే అందరి తరపున ఒకే వకీలును పెట్టండి. డ్యూటీ గడువులను, దారి దూరాన్ని, వేగపరిమితులను కాగితం మీద సరిచూసి యాజమాన్యం ముందు పెట్టండి.

ఆ వేపకొమ్మలు కొట్టి బోర్డు కనిపించేటట్లు చేయమని కూడా మేము అర్జీ పెట్టాము. కేసు గెలిచినా ఓడినా, రేపు ఆ దారిన రాత్రివేళ పోయే మరొక డ్రైవరుకు ఆ అంకె కనిపించి తీరాలి.