గాలి తుపాకి బాగు చేసుకోండి, పంట కాపలాకు నమ్ముకోకండి

కోతుల మంద చేలో పడి వేరుశనగ పీకుతుంటే, అటక మీద తుప్పు పట్టిన తాతల నాటి గాలి తుపాకి యాదికి రావడం సహజమే. ఆలేరు చుట్టుపక్కల రైతుకు ఈ గోస కొత్త కాదు. తుపాకిని బాగు చేసుకోండి, తప్పు లేదు. దానితో పంట దక్కుతుందనుకుంటే మాత్రం పొరపాటు.

జాతరలో బుగ్గలు కొట్టే తుపాకిదీ దీనిదీ ఒకటే తీరు. గొట్టం వంచితే పిస్టన్ వెనక్కి పోయి స్ప్రింగు బిగుస్తుంది. ట్రిగ్గర్ నొక్కితే పిస్టన్ ముందుకు దూకి గాలిని ఒత్తుతుంది. ఆ ఒత్తిడికే సీసపు గుండు పోతుంది. సైకిల్ పంపులో ఉన్నట్టే పాత తుపాకుల పిస్టన్ మూతికి తోలు వాషరు ఉంటుంది. అది ఎండి గట్టిపడితే గాలి నిలవదు, గుండు నాలుగడుగులు పోయి పడిపోతుంది. కొత్త తోలు కోయించి, ఆముదంలో నానబెట్టి, తుడిచి బిగిస్తే చాలావరకు దారికొస్తుంది.

అయితే విప్పడం మీరు చేయకండి. ఎక్కుపెట్టకపోయినా స్ప్రింగు లోపల కొంత బిగిసే ఉంటుంది. వెనుక బిరడా ఊడితే ముఖం పగులుతుంది. స్ప్రింగును అదిమిపట్టే బిగింపు ఉన్న మెకానిక్‌తోనే విప్పించండి. ట్రిగ్గర్ కొక్కెం అరిగిందేమో చూడమనండి. అరిగితే దానంతటదే పేలుతుంది. గొట్టంలో కిరోసిన్, పలచటి నూనె పోయకండి. గాలి ఒత్తిడి వేడికి డీజిల్ ఇంజన్‌లో లాగే నూనె భగ్గుమని స్ప్రింగు విరుగుతుంది. గుండు లేకుండా పేల్చకండి, ఎక్కుపెట్టి ఉంచకండి.

చట్టం సంగతీ తెలుసుకోండి. 2016 ఆయుధ నియమాల ప్రకారం గొట్టం రంధ్రం 4.5 మిల్లీమీటర్లు మించినా, గుండు శక్తి 20 జౌళ్లు దాటినా లైసెన్సు కావాలి. మీ తుపాకి ఏ కొలతదో తెలియకపోతే, బాగు చేయించే ముందే పోలీస్ స్టేషన్‌లో అడగండి.

ఇక పంట మాట. ఈ తుపాకికి బెదిరించేంత చప్పుడు లేదు. గుండు తగిలిన కోతి అక్కడికక్కడ చావదు, పుండు పడి తిరుగుతుంది. మంద మర్నాడు మళ్లీ వస్తుంది. జంతువును హింసిస్తే 1960 నాటి చట్టం ఉంది. నెమలిని, అడవి పందిని అనుమతి లేకుండా కొడితే 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద కేసవుతుంది. గురి తప్పిన గుండు పక్క చేలో కలుపు తీసే మనిషి కంట్లో పడితే?

కోతుల బెడద ఒక్క రైతు తీర్చుకునేది కాదు. పక్కపక్క చేల వాళ్లంతా వంతులేసుకుని కాపలా ఉండాలి, డబ్బాలు మోగించాలి. గ్రామసభలో గట్టిగా అడిగి అటవీ శాఖకు అర్జీ పెట్టాలి. ఎకరం, రెండెకరాల రైతుకు ఒంటరి కాపలాతో నిద్ర చెడడమే మిగులుతుంది.

తాత తుపాకిని తాత గుర్తుగా దాచుకోండి. గుండ్లు వేరే చోట పెట్టి తాళం వేయండి. వాషరు మళ్లీ దొరుకుతుంది, పోయిన కన్ను దొరకదు.