ఊరి వ్యాయామశాలకు బాధ్యులెవరు?
కెనడావంటి శీతలదేశములందు పేటవాసులు చలిరాత్రుల నీరు పోసి గడ్డకట్టించి, కురిసిన మంచును తామే పారలతో తొలగించి, తమ పిల్లల స్కేటింగు మైదానమును కాపాడుకొందురు. అట్టి మంచు మనకు లేకున్నను, అట్టి బాధ్యత మన గ్రామ వ్యాయామశాలల యెడ నున్నది. వీరఘట్టమున జన్మించిన మల్లయోధుడు కోడి రామమూర్తి నాయుడు విజయనగరమున వ్యాయామశాల నడపిన సీమ యిది; ఆమదాలవలస చెంతనున్న ఊసవానిపేటనుండి వెడలిన కరణం మల్లేశ్వరి 2000 సంవత్సరమున సిడ్నీలో వెయిట్‌లిఫ్టింగున కాంస్యము గెలిచి, ఒలింపిక్ పతకము నందిన తొలి భారతమహిళ యైనది; నెల్లిమర్ల మండలమందలి కొండవెలగాడ వెయిట్‌లిఫ్టర్ల ఊరుగా పేరెన్నిక గన్నది. పతకము వచ్చిననాడు పూలదండలతో వచ్చువారు పెక్కుమందియే గాని, ఇనుపకడ్డీ త్రుప్పుపట్టినపుడు తుడిచి నూనె పూయువాడెవడు, 2018 నాటి తిత్లీవంటి తుపాను రేకులను లేపుకొనిపోయినపుడు మరల కప్పు వేయించువాడెవడు అని యడిగినచో బదులు పలుకువాడు కానరాడు. ఈ మౌనమే నన్ను మిక్కిలి కలచివేయుచున్నది. కప్పు, గోడలు, కరెంటు బిల్లు పంచాయతీ భారమే, దానిని దాటవేయరాదు. తాళపుచెవియు, నిత్యసంరక్షణయు మాత్రము అచ్చట సాధన చేయు యువతీయువకుల చేతులలోనే యుండవలెను. ఏ నెలకు బాధ్యులెవరో గోడమీద వ్రాయించి, ఖర్చుల లెక్కను గ్రామసభలో చదివి వినిపింపవలెను.